మూడో దెబ్బకు విరిగిన జాడీ

జనవరి 28

చెల్లాయికి,

దేవుడి దయవల్ల ఇక్కడ ఎవరికీ కొత్తగా ఏ రోగమూ రాలేదు. పాతవి పాతగానే ఉన్నాయి. మీ వదిన మోకాలు మాత్రం నాకంటే పెద్ద ప్రసంగీకురాలైపోయింది. మెట్టు ఎక్కితే ఒక మాట, దిగితే రెండు మాటలు.

ముందు పని సంగతి చెబుతాను. గ్రంథంలోని కుండ అధ్యాయం ఏటా ఎండలు ముదిరాక చెప్పేవాణ్ణి కదా, ఈసారి ప్రార్థన కూటం హాలుకి పైరేకులు మారుస్తున్నారు. అందుకని ఫిబ్రవరి పద్దెనిమిది ఆదివారానికే పెట్టుకున్నాం. ఎప్పటిలాగే ఇటుకల లారీ డ్రైవరు చేతికి ఒక చెడిపోయిన కుండ ఇచ్చి పంపు. పదహారేళ్లుగా నీ కాల్పులో పగిలింది నా చేతిలో వాక్యమవుతోంది. ప్రవక్త పెద్దల్ని ఊరి బయటికి తీసుకెళ్లి వాళ్ల కళ్ల ముందు కుండ పగలగొట్టాడు. నేను బెంచీల మీద కూర్చోబెట్టి పగలగొడుతున్నాను, అంతే తేడా. తర్వాత మావాళ్లు తలా ఒక పెంకు ఏరుకుని ఇంటికి పట్టుకెళ్తారు. బతుకు అతకడానికి వీల్లేకుండా పగలకముందే మేలుకోవాలని, కిటికీలో పెట్టుకుని రోజూ చూసుకోమంటాను. నీ చేతిపని ఎన్ని ఇళ్లలో ఉందో చూడు.

కొంచెం పెద్దది పంపు. కిందటేడు పంపిన కూజా వెనక బెంచీలకి కనబడనే లేదు. అది పగిలినప్పుడు ఎవరో తుమ్మారనుకున్నారట.

తాళాల కొట్టు బాగానే నడుస్తోంది. మొన్న ఒకాయన ఇంటికి పిలిపించి తాళం విప్పించుకున్నాడు. విప్పాక జేబులో చెయ్యి పెడితే తాళంచెవి అక్కడే ఉంది. కృప కూడా ఇంతేనయ్యా, జేబులో పెట్టుకుని ఊరంతా వెతుకుతాం అన్నాను. ఆయన నవ్వలేదు.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకు. ఇంకా ఆ రంగు వెంటే పడుతున్నావని డ్రైవరు చెప్పాడు. గ్రంథంలో కుమ్మరి మట్టి పిసికాడు, సారె తిప్పాడు, చెడితే మళ్లీ చేశాడు. రంగు వేశాడని ఎక్కడా లేదు. నీళ్లకి కూజా కావాలి గాని కూజాకి నగలు దేనికి? పైపూత మీద మనసు పెట్టుకున్న చెయ్యి లోపలి పని మరిచిపోతుంది. నీ మేలు కోరేవాణ్ణి కాబట్టి కుండ బద్దలు కొట్టినట్టు చెబుతున్నాను.

నీ కోసం రోజూ మోకరించే
అన్నయ్య

*

ఫిబ్రవరి 9

అన్నయ్యా,

వదిన మోకాలికి వేడినీళ్ల గుడ్డ వెయ్యి. నీ ప్రార్థన దారిన నీ ప్రార్థన నడవనీ, ఇది మాత్రం మానొద్దు.

రంగు వచ్చింది.

ఈ రెండు మాటలూ రాసి, కలం పక్కన పెట్టి, లేచి చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చున్నాను. పదకొండేళ్లు, అన్నయ్యా. బూడిద జల్లించడం, కడగడం, ఆరబెట్టడం, పలచటి మట్టినీళ్లలో కలిపి పూయడం, ఏది ఎంత కలిపానో రాసుకోవడం. తీరా తీసి చూస్తే బురద రంగో, మాడిన రొట్టె రంగో. ఇటుకల బట్టీలో ఆసామి నా సరుకు కోసం వదిలిన మూల నీకు గుర్తుందిగా, పొగగొట్టం పక్కన. ఈసారి ఆ పొగగొట్టం లోపల పేరుకున్న బూడిదే గీకి వాడాను. వాన వెలిశాక రాతిబండ మీద తడి ఆరుతూ ఉంటుందే, ఆ రంగు. నీలం అందామంటే నీలం కాదు, ఆకుపచ్చ అసలే కాదు. ఒక్క జాడీకే వచ్చింది. వేలితో మీటితే గంటలా మోగి, ఎంతసేపటికీ ఆగలేదు. నువ్వు నగలంటావు, అను. నాకు ఏడుపొచ్చింది.

ఇక రెండో సంగతి. ఆసామి బట్టీ ఎత్తేస్తున్నాడు. చుట్టుపక్కల మట్టి అయిపోయిందట. మార్చి ఆఖరుకి పొగగొట్టం కూల్చేస్తారు. సారె ఇంట్లో తిప్పుకుంటాను, మట్టి ఎక్కడి నుంచైనా తెచ్చుకుంటాను, నిప్పు ఎక్కడి నుంచి తేను? కాల్చని కుండ ఎండిన బురదే కదా. ఇంకెవరూ నన్ను తమ బట్టీలోకి రానివ్వరు.

మూడో సంగతి నీ చేతిలో ఉంది. మీ ఊరి హస్తకళల భవనం వెనక ఒక పనిగది, దాంతోపాటు కుండలు కాల్చే సొంత ఆవం ఉన్నాయి. వాటిని ఈ ఏడు ఒక కుమ్మరికి ఇస్తారట, పని చేసుకుంటూ నలుగురికీ నేర్పమని. అడిగినవాళ్లు తలా ఒక పాత్ర పెట్టాలి. ఇరవై నాలుగో తారీకులోగా అక్కడ ఉండే కళ్లద్దాల మేడమ్ గారి చేతికే ఇవ్వాలి, ఎవరు తెచ్చినా పర్వాలేదట. నేను వద్దామంటే బట్టీ నిప్పు మీద ఉంది. ఆ మూల ఇచ్చినందుకు నిప్పు కాపలాలో నాకూ వంతు ఉంది, వదిలి రావడం కుదరదు.

జాడీ పదహారో తారీకు శుక్రవారం లారీలో వస్తుంది. ఈ ఉత్తరం దానికంటే చాలా ముందే నీకు చేరుతుంది కాబట్టి లోపల చీటీ పెట్టడం లేదు. మూట విప్పకుండా అలాగే తీసుకెళ్లి మేడమ్ గారికి ఇవ్వు. నా బతుకు ఆ గోనెసంచిలో ఉంది.

నువ్వడిగిన కుండ మాత్రం లేదు. ఈ కాల్పులో ఒక్కటీ పగల్లేదు, మొదటిసారి. ఆదివారానికి వంటింట్లోంచి ఏదైనా తీసుకో, వదిన చూడనప్పుడు.

నీ చెల్లెలు

*

ఫిబ్రవరి 19

చెల్లాయికి,

నిన్నటి కూటం గురించి రాయకుండా కొట్టు తెరవలేకపోయాను. ఇద్దరు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు, నిలబడనీ.

నీ మూట శనివారం అందింది. అదే గోనెసంచి, అదే ఎండుగడ్డి, నువ్వు వేసే అదే ముడి. నీ దగ్గర్నుంచి ఉత్తరం మాత్రం రాలేదు. రాయడానికి కూడా తీరిక లేనంత పనా? పోనీలే, అడిగినట్టే పెద్దది పంపావు, సంతోషం.

విప్పి చూస్తే జాడీ. మెరుస్తోంది. మీ వదిన చూసి, దీన్ని పగలగొట్టడానికి చేతులెలా వస్తాయండీ అంది. చెల్లాయి మంచివి పంపదు, ఇందులో ఎక్కడో పగులు ఉండే ఉంటుంది అన్నాను. ఎక్కడుందో చూద్దామని లాంతరు లోపల పెట్టి, అడుగు తిప్పి, అంచు వేలితో తడిమి వెతికాను. దొరకలేదు. అప్పుడే, చెల్లాయీ, నా ప్రసంగం దొరికింది. కంటికి కనబడే పగులు ఎవరికైనా తెలుస్తుంది, కనబడని పగులే మనిషిని ముంచుతుంది. రాసుకున్న కాగితాలన్నీ పక్కన పడేశాను.

ఆదివారం దాన్ని రెండు చేతులా ఎత్తి చూపించాను. ఎంత అందంగా ఉందో చూశారా, ఈ పైమెరుపు చూసి దీని లోపలి సంగతి చెప్పగలరా అని అడిగాను. సుత్తితో ఒక దెబ్బ వేశాను. విరగలేదు, మోగింది. పదహారేళ్లలో మొదటి దెబ్బకి పగలని కుండని నేను చూడలేదు. రెండోది వేశాను. మళ్లీ మోగింది, ఇంకా గట్టిగా. మొండి గుండె ఇలాగే ఉంటుంది, కొడితే పాడుతుంది గాని లొంగదు అన్నాను. మూడో దెబ్బకి విరిగింది. వెనక బెంచీలో కుట్టుమిషను ఆవిడ లేచి నిలబడి ఏడ్చింది. ఇన్నేళ్లలో నా మాటకి ఆవిడ కళ్లు తడవడం నేను చూడలేదు.

పెంకుల కోసం ఎగబడ్డారు. పెద్దవి ముందు పోయాయి. నేల ఊడ్చే పని కూడా లేకపోయింది.

ఆ రంగు గురించి కిందటిసారి కొంచెం కటువుగా రాశాను. దాన్ని వాక్యం వాడుకుంది కాబట్టి నీ పదకొండేళ్లూ వృథా కాలేదు. ఇక దాన్ని వదిలేసి కూజాలు చేసుకో.

నీ కుండ చేత గెలిచిన
అన్నయ్య

*

ఫిబ్రవరి 23

అన్నయ్యా,

నీ దగ్గర్నుంచి కబురు లేదంటే అన్నీ సవ్యంగానే జరిగాయన్నమాట. చెడు జరిగితే నువ్వు నాలుగు పేజీలు రాస్తావు.

జాడీ భవనానికి చేరి ఉంటుంది. మేడమ్ గారు దాన్ని చేత్తో పట్టుకున్నారా, బల్ల మీద పెట్టించుకుని చూశారా? చేత్తో పట్టుకుంటే దాని బరువు ఆవిడకి తెలుస్తుంది. చూడ్డానికి బరువుగా ఉంటుంది, ఎత్తితే తేలిక. ఆ తేలిక కోసమే నేను నాలుగేళ్లు సాధన చేసింది. పక్కన ఏ పాత్రలు పెట్టారో చూశావా? చూసినా నీకు కూజాకీ కుంపటికీ తేడా తెలియదు, అడగడం నాదే తప్పు.

ఒక పని చేశాను, తిట్టకు. ఇక్కడ ఇంటి పైకప్పు పెంకుల ఫ్యాక్టరీ వాళ్లు వచ్చి అచ్చులు ఒత్తే పనికి రమ్మన్నారు. రోజంతా ఒకటే అచ్చు, ఒకటే పెంకు. నేను రానన్నాను. ఆసామి విని, చేతిలో ఉన్నది వదిలి గాలిలో ఉన్నది పట్టుకుంటున్నావమ్మా అన్నాడు. గాలిలో కాదు, మా అన్నయ్య చేతిలో ఉంది అన్నాను.

బట్టీ నిప్పు ఇంకో రెండు రోజుల్లో ఆరుతుంది. ఈ వారమంతా నా కాపలా పొద్దుటిపూటే. ఇటుకల సందుల్లోంచి నిప్పు రంగు చూసి వేడి ఎంతుందో చెబుతుంటే కూలీలు నన్ను పంతులమ్మా అని పిలుస్తున్నారు. నేర్పడం నాకు చేతనవుతుందేమో అనిపించింది.

ఆదివారం ఏం పగలగొట్టావు? వదినకి తెలిసిందా?

చెల్లాయి

*

ఫిబ్రవరి 25

చెల్లీ,

ఈసరికి నా పంతొమ్మిదో తారీకు ఉత్తరం దారిలో ఉంది. దాన్ని వెనక్కి లాగే దారి ఉంటే పాక్కుంటూ అయినా వెళ్లేవాణ్ణి. నువ్వు ముందు దాన్ని చదివి, తర్వాత దీన్ని చదువుతావు. ఆ మధ్య రోజుల గురించి ఆలోచిస్తే నాకు అన్నం సహించడం లేదు.

నీ తొమ్మిదో తారీకు ఉత్తరం ఇరవయ్యో తారీకు మంగళవారం వచ్చింది. ఎక్కడెక్కడ తిరిగిందో మూడు ఊళ్ల ముద్రలున్నాయి. కొట్టులో నిలబడి చదివాను. "నా బతుకు ఆ గోనెసంచిలో ఉంది" అన్న చోట ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాను. తపాలాని తిడదామని నోరు తెరిచాను. తపాలా సుత్తి పట్టుకోలేదు. లాంతరు పెట్టి వెతికినా పగులు కనబడనప్పుడు, పగులు లేదేమోనని ఒక్కసారైనా అనుకోని మూర్ఖుణ్ణి నేను. లేని పాపం మంచిదాని మీద మోపి, నిండు సభలో శిక్ష వేశాను. ఇలాంటి తీర్పరులకి గ్రంథంలో ఏం రాసిపెట్టి ఉందో నాకు కంఠతా వచ్చు. ఈ వారం అదంతా నాకే చెప్పుకున్నాను.

కొట్టు మూశాను. మీ వదిన, ఏడవడం తర్వాత, ముందు పెంకులు తెండి అంది. ఇల్లిల్లూ తిరిగాను. ఇరవై మూడు ఇళ్లు. ఇచ్చిన వాక్యాన్ని వెనక్కి అడగడానికి వచ్చానని చెప్పుకోవడం ఎలా ఉంటుందో నీకు తెలియదు. పాత బడిపంతులు, నా పెంకు నాకు వేసిన మార్కులా, దిద్దడానికి వెనక్కి తీసుకుంటున్నారా అన్నాడు. చెయ్యి చాపాను.

ఒక సంగతి గమనించాను. పదహారేళ్ల పెంకులు ఆ ఇళ్లలో ఉండాలి కదా. ఒక్క ఇంట్లోనూ లేవు. ఒకావిడ పూలకుండీ అడుగున వేసింది, మిగతావాళ్లకి ఏమయ్యాయో కూడా తెలియదు. నీ జాడీ పెంకులు మాత్రం ప్రతి ఇంట్లోనూ ఎదురుగా ఉన్నాయి. ఒకరు అద్దం ముందు పెట్టుకున్నారు, ఒకరు నీళ్ల గిన్నెలో వేసి చూస్తున్నారు.

కుట్టుమిషను ఆవిడ ఇవ్వనంది. మిషను పక్క కిటికీలో పెట్టుకుంది. నా ప్రసంగానికే ఆవిడ ఏడ్చిందనుకున్నాను కదా, ఆ ధీమాతో, అమ్మా, వాక్యం నీ గుండెలో ఉంది, పెంకు ఇచ్చెయ్యి అన్నాను. ఆవిడ కుట్టడం ఆపి నా వైపు చూసింది.

"మీరేం చెప్పారో నాకు గుర్తులేదండీ. అంత అందమైనది పగలగొడుతున్నారని ఏడ్చాను."

ఆ కిటికీ దగ్గర నిలబడి, ఆవిడ చూసే చోటి నుంచి ఆ పెంకుని చూశాను. రెండు చేతులా ఎత్తి వందమందికి చూపించినవాణ్ణి, నేను దాన్ని చూడటం అదే మొదలు, చెల్లీ. ఎండ మీద పడగానే లోపల్నుంచి తడి ఊరినట్టు మారింది. నువ్వు రాతిబండ అని రాశావు, సరిగ్గా అదే. మళ్లీ తెచ్చి ఇస్తానని మాటిచ్చాకే ఆవిడ పెంకు నా చేతిలో పెట్టింది.

నిన్న ఇరవై నాలుగు. పెంకులన్నీ దుప్పటిలో మూటకట్టి భవనానికి తీసుకెళ్లాను. కళ్లద్దాల మేడమ్ గారు బల్ల మీద గుడ్డ పరిపించి ఒక్కొక్కటే పేర్చారు. అతికించబోలేదు. విరిగిన అంచుల్నే భూతద్దంతో చూశారు. ఎవరు పగలగొట్టారు అని అడిగారు. నేనే అన్నాను. ఎన్ని దెబ్బలకి అన్నారు. మూడు అన్నాను. అది రాసుకున్నారు. ఎందుకు అని అడగలేదు, అడగనందుకు ఇంకా సిగ్గేసింది. పాత్ర పగలకుండా నిండుగా ఉండాలని నిబంధన అని, కమిటీ ముందు పెడతానని, ఆశ పెట్టుకోవద్దని చెప్పి పంపారు.

ఈ రోజు కూటంలో లేచి నిలబడి, కిందటి ఆదివారం నేను అబద్ధం చెప్పానని, ఆ జాడీలో పగులు లేదని, ఉన్నది నా కంటిలో అని చెప్పాను. అంతే చెప్పి కూర్చున్నాను. నా జీవితంలో అదే అతి చిన్న ప్రసంగం. బాగుందన్నారు.

క్షమించమని అడగడం లేదు. అడిగే అర్హత సంపాదించుకున్నాక అడుగుతాను.

అన్న

*

ఫిబ్రవరి 28

అన్నయ్యకి,

నీ పంతొమ్మిదో తారీకు ఉత్తరం అందింది. మూడు దెబ్బలు పట్టిందని చదివాను.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. నువ్వు ఇన్నేళ్లుగా పగలగొట్టినవి నేను పారేసినవి. నేను బాగా చేసినది ఒకటి ఇమ్మని ఒక్కసారైనా అడగలేదు. అందుకే మంచిది నీ ఇంటికి వచ్చినా అది మంచిదేనని నీకు తట్టలేదు.

ఇంకొకటి. నువ్వు ఎప్పుడూ పగలగొట్టే అధ్యాయమే చదువుతావు. దానికి ముందు అధ్యాయంలో కుమ్మరి చేతిలో కుండ చెడిపోతే అతను దాన్ని విసిరికొట్టడు, అదే మట్టితో మళ్లీ చేస్తాడు. అది చెప్పడానికి సుత్తి అక్కర్లేదు, అందుకే నీకు నచ్చదు.

భవనం వాళ్లకి నా పేరు తీసెయ్యమని ఈ రోజే రాశాను. పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. సోమవారం నుంచి ఫ్యాక్టరీకి వెళ్తాను, మొదట రానన్నందుకు మేస్త్రీ మొహం అదోలా పెట్టాడు గాని ఒప్పుకున్నాడు.

నాకు రాయకు. వదిన మోకాలు ఎలా ఉందో వదినే రాయమను.

*

మార్చి 9

చెల్లికి,

రాయవద్దన్నావు. మీ వదిన పేరు మీద రాయిద్దామనుకుంటే ఆవిడ, మీ చేత్తో చేసింది మీ చేత్తోనే రాయండి అంది. మోకాలు తగ్గింది. వేడినీళ్ల గుడ్డతోనే.

నా ఇరవై ఐదో తారీకు ఉత్తరం నీకు అందిందో లేదో తెలియదు. అందకపోతే దీంట్లో చెప్పేది వింతగా ఉంటుంది: పెంకులన్నీ తిరిగి ఏరి భవనంలో ఇచ్చాను.

నిన్న మేడమ్ గారు పిలిపించారు. బల్ల మీద అవే పెంకులు, వాటి పక్కన నీ ఉత్తరం. కూర్చోమన్నారు, కూర్చోలేదు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఒక్క మాట నా సొంతం కలపకుండా. అది నాకెంత కష్టమో నీకు తెలుసు.

"వచ్చిన పాత్రలన్నీ బయట్నుంచే చూశాం. దీన్ని ఒక్కదాన్నే లోపల్నుంచి చూడగలిగాం."

మూతి నుంచి అడుగు దాకా గోడ మందం ఒకేలా ఉందట. మామూలుగా అడుగు దగ్గర అందరి చెయ్యీ బరువెక్కుతుందట, పైకి తెలియదట. తర్వాత నా చేతికి భూతద్దం ఇచ్చి, పూత ఎక్కడ ఆగి మట్టి ఎక్కడ మొదలైందో చూపించండి అన్నారు. చాలాసేపు చూశాను. చూపించలేకపోయాను. రంగు మట్టి లోపలికి దిగిపోయింది. పైపూత అని, నగలు అని, పైమెరుపు అని నేను అన్నవన్నీ ఆ అంచు ముందు నిలబడలేదు. భూతద్దం తిరిగి ఇచ్చేశాను.

పనిగది నీకే ఇవ్వాలని కమిటీ తేల్చింది. నిబంధన సంగతి ఏమిటని ఒకాయన పట్టుబట్టాడట. పాత్ర నిండుగానే బయల్దేరింది, విరగడం దారిలో జరిగిన ప్రమాదం అని ఆవిడ అన్నారట. దారిలో జరిగిన ప్రమాదం అంటే నేనే.

ఇక నీ ఉత్తరం. పేరు తీసెయ్యమని నువ్వు రాసింది ఆవిడ ఇంకా ఫైల్లో పెట్టలేదు. ఈ మాట రాసినావిడకి అప్పటికి సగమే తెలుసు, మిగతా సగం తెలిశాక ఏమంటుందో ఇరవై రెండో తారీకులోగా రాయమనండి అన్నారు. ఈ ఉత్తరం డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, తపాలాని నమ్మలేను. నీ జవాబూ అతని చేతికే ఇవ్వు.

రమ్మని నేను చెప్పను. నేను చెబితే నువ్వు రావు. గది ఎలా ఉందో మాత్రం చెబుతాను. ఉత్తరం వైపు రెండు కిటికీలు. నేల గచ్చు, ఒక మూల కుంగింది. నీళ్ల తొట్టి గుమ్మానికి దగ్గరగా ఉంది. ఆవం గుండ్రంగా, నీ నడుం ఎత్తున ఉంది. దాని తలుపుకి తాళం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మేడమ్ గారిని అడిగి అక్కడే కూర్చుని విప్పి, నూనె పెట్టి బాగుచేశాను. ప్రసంగం చెప్పకుండా నాకు చేతనయ్యే పని అదొక్కటే.

నువ్వు చెప్పిన ముందు అధ్యాయం చదివాను. దాన్ని పట్టుకుని ఇంకా వెనక్కి వెళ్లాను, దేవుడి గుడారం కట్టిన చోటికి. ఇన్నేళ్లూ ఆ పేజీలు కొలతల చిట్టా అని దాటేసేవాణ్ణి. నీలం నూలు, ఊదా నూలు, ఎర్ర నూలు తెమ్మంటాడు అక్కడ. రంగుల పేర్లు పెట్టి మరీ అడిగాడు చెల్లీ, మళ్లీ మళ్లీ అడిగాడు. అవి చేసే చేతికి తన ఆత్మనే ఇచ్చాడు. నీడకి గుడారం కావాలి గాని గుడారానికి నగలు దేనికని ఎవరూ ఆయన్ని అడిగినట్టు లేదు. ఆ కాలంలో నేను లేకపోవడం వాళ్ల అదృష్టం.

అన్న

*

మార్చి 14

అన్నయ్యా,

నీ ఇరవై ఐదో తారీకు ఉత్తరం నాలుగున వచ్చింది. చదివి డబ్బాలో పెట్టి మూత పెట్టాను. జవాబు రాయాలనిపించలేదు. నిన్న డ్రైవరు తెచ్చిన రెండోది చదివాక మూత తీసి మొదటిదీ మళ్లీ చదివాను.

ఫ్యాక్టరీలో తొమ్మిది రోజులు చేశాను. పని చెడ్డది కాదు, మనుషులూ మంచివాళ్లే. అచ్చులో మట్టి వేసి మీట నొక్కితే పెంకు వస్తుంది, మళ్లీ అదే వస్తుంది. మూడో రోజుకి నా వేళ్లు ఇంట్లో సారె ముందు కూర్చున్నా ఏం చెయ్యాలో అడగడం మొదలుపెట్టాయి. అప్పుడు భయమేసింది.

ఒక మాట ఒప్పుకుంటాను, ఇంకెవరికీ చెప్పకు. మూడు దెబ్బలు పట్టిందని చదివినప్పుడు నీ మీద ఎంత మండిందో రాశాను. దాని అడుగున ఇంకొకటి ఉంది, అది రాయలేదు. రెండు దెబ్బలకి మోగిందా నా జాడీ అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

అంచులో మట్టికీ రంగుకీ మధ్య గీత లేదని నాకు తెలియదు. నేను చేసినది నేను విరిచి చూడలేదు కదా. విరవగలిగేదాన్ని కూడా కాదు. అంటే నువ్వు మంచి చేశావని కాదు సుమా. అలా అనుకుని దాని మీద ఒక ప్రసంగం అల్లావో, నేను ఆ హాల్లో ముందు బెంచీలో కూర్చుని లేచి నిలబడతాను.

మేడమ్ గారికి ఈ రోజే రాశాను, వస్తున్నానని. ఉన్నదున్నట్టు ఇంకో మాట కూడా రాశాను. ఆ రంగు మళ్లీ వస్తుందని మాట ఇవ్వలేను. ఒకే ఒక్కసారి వచ్చింది, పొగగొట్టం పక్కన, నాకు తెలియని ఏ వేడిలోనో. బూడిద రెండు బస్తాలు గీకి పెట్టుకున్నాను. రాకపోతే ఇంకో పదకొండేళ్లు వెతుకుతాను, ఆ సంగతి తెలిసే గది ఇమ్మన్నాను. ఆసామి విని, సారె దింపడానికి మనుషుల్ని తనే పంపుతానన్నాడు. గాలిలోది పట్టుకున్నావే అని నవ్వాడు.

కుట్టుమిషను ఆవిడ పెంకు ఆవిడకి తిరిగి ఇచ్చేశావా? మాటిచ్చావు. కమిటీకి ఇంకా కావాలంటే మిగతావి ఉంచుకోమను, అది మాత్రం ఆవిడదే.

వచ్చే గురువారం ఇటుకల లారీలో బయల్దేరుతున్నాను, సారె, బూడిద బస్తాలు, నా రాతపుస్తకం. గది సర్దుకునేదాకా మీ ఇంట్లోనే ఉంటాను, ఇంకెక్కడ ఉంటాను. కోపం ఇంకా తగ్గలేదు. ఇక్కడ వదిలేసి రావడానికి మనసొప్పలేదు, దాన్నీ తెచ్చుకుంటున్నాను. ఇద్దరికి చోటు చూడమని వదినకి చెప్పు.

నీ చెల్లెలు